పెద్దయ్యాక జ్ఞానస్నానం: అపోహలు – వాస్తవాలు

మిస్సిసాగాలో తెలుగువాళ్లు నలుగురు కూడినచోట "ఫలానావాళ్లు కతోలికుల్లో కలిశారట" అన్న మాట వస్తే, దాని వెనకే "పిల్లల బడి కోసమే అయ్యుంటుంది" అన్న తీర్పూ వచ్చేస్తుంది. కాబట్టి ముందు బడి సంగతే చూద్దాం.

అపోహ: పిల్లలు కేథలిక్ బడిలో చేరాలంటే ఇంట్లోవాళ్లు మతం మారాల్సిందే.

ఆంటారియోలో ఈ బడులు ప్రైవేటువి కావు. 1867 నాటి రాజ్యాంగ చట్టంలోని 93వ సెక్షన్ అండతో, ప్రభుత్వ ఖర్చు మీద నడుస్తాయి. మిస్సిసాగా, బ్రాంప్టన్ వైపు వాటిని నడిపేది డఫరిన్-పీల్ కేథలిక్ బోర్డు. 1980ల మధ్యలో ప్రభుత్వం హైస్కూలు పై తరగతులకు కూడా పూర్తి నిధులు ఇచ్చినప్పుడు, కేథలిక్ హైస్కూళ్ల తలుపులు అన్ని మతాలవాళ్లకీ తెరుచుకున్నాయి. హిందూ పిల్లవాడు 9వ తరగతిలో హిందువుగానే చేరవచ్చు. మత కార్యక్రమాల నుంచి కొడుక్కి మినహాయింపు కావాలని ఒక తండ్రి ఇదే బోర్డు మీద కోర్టుకెక్కితే, 2014లో తీర్పు తండ్రికే అనుకూలంగా వచ్చింది.

చిక్కల్లా ప్రాథమిక తరగతుల దగ్గరే. అక్కడ బిడ్డగానీ, తల్లిదండ్రుల్లో ఒకరుగానీ కతోలికులని చూపే జ్ఞానస్నాన పత్రం అడుగుతారు. ఆ కాగితం మీద కన్ను వేసేవాళ్లు అసలు ఉండరని నేననను. కానీ పెద్దవాళ్లకి ఆ కాగితం చేతికొచ్చే దారి ఎంత పొడుగో తెలిస్తే, వాళ్లలో చాలామందికి మామూలు ప్రభుత్వ బడే ముద్దొస్తుంది.

అపోహ: ఫాదర్‌ని కలిస్తే చాలు, వచ్చే ఆదివారమే నీళ్లు పోసేస్తారు. పైగా డబ్బులిస్తారు.

పెద్దవాళ్లకి వేరే క్రమం ఉంది. రెండో వాటికన్ మహాసభ ఆదేశం మేరకు తొలి శతాబ్దాల పద్ధతిని మళ్లీ తవ్వితీసి 1972లో రోము వెలువరించింది. ఇక్కడి చర్చిల్లో దాన్ని ఆర్‌సీఐఏ అంటుంటారు. వారం వారం కూర్చుని వినాలి, ప్రశ్నలు అడగాలి, ఆదివారం పూజకు రావాలి, వెంట నడిచే తోడు ఒకరుండాలి. నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలం (లెంట్) మొదట్లో అగ్రపీఠం (ఆర్చ్‌డయోసిస్) తరఫున పేరుపెట్టి పిలిచి ఎన్నుకుంటారు. ఆ కాలంలోని 3, 4, 5 ఆదివారాల్లో వీళ్ల కోసం ప్రత్యేక ప్రార్థనలు జరుగుతాయి. చివరికి ఈస్టరు ముందు రాత్రి, పాస్కా జాగరణలో, జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), తొలి దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) మూడూ ఒక్కసారే. ఆ నీళ్లు తలమీద పడేదాకా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. బలవంతంగా చేర్చుకోవడం తప్పని చర్చి శాసనంలోని 748వ నియమమే చెబుతోంది. పాపం, తొందరపడేది మనవాళ్లు, ఆగమనేది ఫాదర్లు.

ఇంత సాగతీసినా వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. మతం పలచబడిపోయిందని అందరూ అనుకునే ఫ్రాన్సులో 2025 ఈస్టరుకు 10 వేలమందికి పైగా పెద్దవాళ్లు జ్ఞానస్నానం పొందారు. వాళ్లకి బడి సీటు అక్కర్లేదు, బియ్యం బస్తా అక్కర్లేదు. కెనడా పీఆర్‌కీ ఇది పనికిరాదు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ మార్కుల్లో మతానికి గడే లేదు.

అపోహ: గుంటూరు లూథరన్ అయినా, నెల్లూరు బాప్టిస్టు అయినా మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలి.

అక్కర్లేదు. తండ్రి, కుమార, పవిత్రాత్మ నామాన నీళ్లతో ఇచ్చిన బాప్తిస్మాన్ని కతోలిక సంఘం గుర్తిస్తుంది. రెండోసారి ఇవ్వడాన్ని తప్పుగా చూస్తుంది. అలాంటివాళ్లని విశ్వాస ప్రకటన చేయించి, అభ్యంగనమిచ్చి, సత్ప్రసాదానికి చేర్చుకుంటారు. పాత చర్చి నుంచి బాప్తిస్మ పత్రం తెప్పించుకోవడమే అసలు కష్టం.

అపోహ: ఇండియావాళ్లంటే మలయాళీ చర్చికే వెళ్లాలి.

ఈ ఊళ్లో పునీత అల్ఫోన్సా కెథడ్రల్ ఉండటం, 2018లో మలయాళీల సీరో మలబార్ సంఘానికి మిస్సిసాగా పీఠం ఏర్పడటం వల్ల పుట్టిన పొరపాటు ఇది. మన గుణదల మాత కొండ ఎక్కే తెలుగు కతోలికుల్లో ఎక్కువమంది, 2022లో తొలి తెలుగు కార్డినల్ అయిన పూల ఆంథోని, రోము పద్ధతి అయిన లాటిన్ ఆచారంవాళ్లే. 14 ఏళ్లు నిండి జ్ఞానస్నానం పొందేవారు ఏ ఆచారంలో చేరాలో తామే ఎంచుకోవచ్చు.

చేరితే పేరు మార్చాలన్నదీ అపోహే: మార్చుకోనక్కర్లేదు, క్రైస్తవ భావానికి విరుద్ధమైన పేరు కాకపోతే చాలు. వెంకట్ వెంకట్‌గానే ఉండవచ్చు. మాంసం తినితీరాలన్నదీ వట్టిమాటే: గుడ్ ఫ్రైడే నాడు మాంసం మానమనేది ఆ చర్చే. ఇక దీపం, పూలు, హారతి అంటారా, భారతదేశపు పూజలో వాటిని వాడుకోవడానికి 1969లోనే రోము ఒప్పుకుంది.

అపోహ: ఏడడుగులు నడిచిన పెళ్లి చెల్లదు, చర్చిలో మళ్లీ చేసుకోవాలి.

ఇద్దరూ జ్ఞానస్నానం లేనివాళ్లుగా చేసుకున్న పెళ్లిని చర్చి నిజమైన పెళ్లిగానే చూస్తుంది. ఒకరు చేరి ఒకరు చేరకపోయినా అది నిలుస్తుంది. భార్య కోసం భర్త, భర్త కోసం భార్య మారనక్కర్లేదు. విడాకులై మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లకే తిప్పలు. ఆ ముడి విప్పకుండా పాస్కా రాత్రిదాకా రానివ్వరు. ఈ సంగతి ఫాదర్‌కి మొదటి రోజే చెప్పడం మంచిది.

అపోహ: కెనడాలో మారితే ఇండియాలో ఏమీ కాదు. లేదా, అంతా పోతుంది.

రెండూ తప్పే. ఓసీఐ కార్డుకు ఢోకా లేదు. మతం మారినవారి వారసత్వ హక్కు మారినందువల్ల పోదు. హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ తగిలేది వాళ్లకి కాదు, మారిన తర్వాత పుట్టే పిల్లలకి: హిందూ బంధువు చనిపోయే నాటికి వాళ్లు హిందువులు కాకపోతే ఆ బంధువు ఆస్తి వారసత్వంగా రాదు. తాతగారు వీలునామా రాసి ఇస్తే వేరే సంగతి. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లి దానంతటదే రద్దవదు గానీ, రెండోవారికి విడాకులు కోరే హక్కు వస్తుంది. ఎస్సీ కుటుంబంలో పుట్టినవాళ్లు మారితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ హోదా ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. ఇక్కడే స్థిరపడినవాళ్లకి దీంతో పని పడకపోవచ్చు. తిరిగి వెళ్లి పిల్లల్ని అక్కడ చదివించాలనుకునేవాళ్లు మాత్రం ఫాదర్‌తో పాటు ఊళ్లో ఒక వకీలునీ అడగాలి.