వేడినీటి తొట్టి - ఇల్లాలి జాగ్రత్త



గండిమైసమ్మ కూడలి నుండి దుండిగల్, బౌరంపేటల వైపునకును, అటు మేడ్చల్, శామీర్‌పేటల వైపునకును ఒకప్పుడు పొలములును, ద్రాక్షతోటలును, చెఱువుకట్టలును కానవచ్చుచుండెడివి. నేడా నేలపై తోటయిండ్లును, ప్రహరీల నడుమ వరుసగా గట్టిన మేడలును వెలసినవి. అట్టి యిండ్లలో కొన్నింట డాబామీదనో పెరటిలోనో ‘హాట్ టబ్’ అను వేడినీటి తొట్టియు నమర్చుకొనుచున్నారు. అలసిన కీళ్ళకును, బిగిసిన కండలకును అది హాయి నిచ్చుననుట నిజమే. దానిని కొనితెచ్చుట యెవరి ముచ్చట యైనను, దాని నీటి మంచిచెడ్డలు చూచు భారము తుదకు ఇల్లాలి మీదనే పడును. కావున ఆ సంగతులు కొన్ని తెలిసికొనుట మనకు మేలు.

మన పెద్దలు రాగికాగులో నీరు కాచుకొని, చెంబుతో ముంచి పోసికొనెడివారు. ఒంటిమీదుగా జాఱిన నీరు తూములో పడి పోవుచుండెను. ఒకరు వాడిన నీరు మఱియొకరి మేని నంటుట లేదు. వేడినీటి తొట్టి పద్ధతి దీనికి పూర్తిగా భిన్నము. అందు నేడు పోసిన నీరు వారములు, ఒక్కొకప్పుడు నెలలు, అట్లే నిలిచియుండును. అందఱును అందులోనే దిగుదురు. పంపు ఆ నీటినే త్రిప్పి త్రిప్పి మరల వదలుచుండును. నిలువ నీటిని వెచ్చగా నుంచి, గాలిబుడగలతో చిలికినచో సూక్ష్మజీవులకు అంతకంటె విందు వేఱొకటి లేదు.

ఈ మాట భయపెట్టుటకై చెప్పుట గాదు. 1999వ సంవత్సరమున హాలెండు దేశములో బోవెన్‌కార్స్పెల్ అను నూర నొక పుష్పప్రదర్శనము జరిగెను. అచ్చట చూపుటకై నడిపిన సుడినీటి తొట్టి నుండి లేచిన సన్నని తుంపరల వలన అనేకులకు ‘లీజియోనెల్లా’ అను సూక్ష్మజీవి చేత ఊపిరితిత్తుల జబ్బు కలిగెను. 30 మందికి పైగా మరణించిరి. వారు ఆ తొట్టిలో స్నానము చేసినవారు కారు. దాని ప్రక్కగా నడచి పోయినవారు! ఈ సూక్ష్మజీవి 25 డిగ్రీల నుండి 45 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు గల వెచ్చని నీటిలో చక్కగా పెరుగును. మన తొట్టినీరు సరిగా నా వేడిమిలోనే యుండును గదా! ‘సూడోమోనాస్’ అను మఱియొక జాతి చర్మముపై దురదతో గూడిన ఎఱ్ఱని పొక్కులను పుట్టించును. తొట్టి వాడిన రెండువారముల లోపల జ్వరము, దగ్గు, ఆయాసము కనిపించినచో వైద్యునితో తొట్టి సంగతి తప్పక చెప్పవలెను. చెప్పనిదే ఆయన కది తోచకపోవచ్చును.

ఇక రక్షణోపాయము. నీటిలో క్లోరిన్ పదిలక్షల పాళ్ళకు 3 పాళ్ళకు తగ్గరాదు. 10 పాళ్ళకు మించరాదు. బ్రోమిన్ వాడువారు 4 నుండి 8 పాళ్ళు ఉంచవలెను. నీటి ఆమ్లక్షారగుణమును తెలుపు ‘పి.హెచ్.’ 7.0 నుండి 7.8 వఱకు ఉండవలెను. అంగడిలో దొరకు పరీక్షకాగితమును నీట ముంచి, దాని రంగును డబ్బాపై గల రంగులతో పోల్చిన నిమిషములో తెలియును. తొట్టిలో దిగుటకు ముందు ప్రతిపర్యాయమును ఈ పరీక్ష చేయుట మంచిది. పి.హెచ్. పెరిగిన కొలది క్లోరిన్ బలము సన్నగిల్లును. మన ప్రాంతపు బోరునీరు తఱచుగా కఠినజలము. దానిని కాచినప్పుడు తెల్లని సున్నపు పెచ్చు కట్టుట వంటపాత్రలలో మనము చూచుచున్నదే. ఆ పెచ్చు గొట్టములలో పేరుకొని, సూక్ష్మజీవుల పాచికి చాటిచ్చును. టాంకరు నీరు ఏ పూట ఎట్లుండునో చెప్పలేము గనుక, నింపిన పిదప పరీక్షించి, సరిచేసి, అటుపిమ్మటనే వాడవలెను.

తొట్టి నుండి ఘాటైన మందువాసన వచ్చినచో ‘క్లోరిన్ ఎక్కువైనది, నీరు శుద్ధముగా నున్నది’ అని పలువురు తలంతురు. అది పొరపాటు. చెమట, మూత్రము మున్నగు మలినములతో కలిసి క్లోరిన్ చెడినప్పుడే ఆ ఘాటు పుట్టును. అనగా పని చేయవలసిన క్లోరిన్ తఱిగినదని గ్రహింపవలెను. అందుచేత తొట్టిలో దిగుటకు ముందే సబ్బుతో ఒళ్ళు కడిగికొనుట విధిగా నుంచుకొనుడు. తలంటు పోసికొన్న నాడు నూనె, నలుగు పిండి, పసుపు పూర్తిగా పోవువఱకు తొట్టి దరికి పోరాదు. ఆ జిడ్డు వడపోతలో చిక్కుకొని, వేసిన మందునంతయు హరించును.

వడపోతను వారమున కొకసారి ధారనీటితో కడిగి, నెలకొకసారి తగిన మందునీటిలో నానవేయవలెను. నీరు మార్చుట కొక సులభమైన లెక్క గలదు: తొట్టిలో పట్టు లీటర్లను 12 చేత భాగించి, ఆ వచ్చినదానిని దినమునకు దిగువారి సంఖ్య చేత మరల భాగింపవలెను. 1,200 లీటర్ల తొట్టిలో దినము నలుగురు దిగినచో 25 దినములకు నీరు మార్చవలెనన్నమాట. మార్చునప్పుడు గొట్టములను శుభ్రపఱచు మందు వేసి పంపు నడిపి, ఆ పిదప ఖాళీ చేసి, తొట్టిని తోమవలెను. పాతనీటిని వృథాగా పోనీయక, మందు వేయుట మాని కొన్నిదినములు మూత తీసియుంచి, పరీక్షలో క్లోరిన్ లేదని తేలిన తర్వాత వాకిలి కడుగుటకు వాడుకొనవచ్చును. దానిని చెఱువులోనికి మాత్రము వదలరాదు.

మందుల విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. బ్లీచింగు పొడిని ఆమ్లముతో గాని, మఱియొక రకపు క్లోరిన్ బిళ్ళలతో గాని కలుపరాదు. విషవాయువు పుట్టును, మంటలు లేచుటయు గలదు. మందును నీటిలో వేయవలెనే గాని మందుపై నీరు పోయరాదు. డబ్బాలను పిల్లల కందనిచోట, ఎండ తగులక పొడిగా నుంచవలెను.

నీటి వేడిమి 40 డిగ్రీలకు మించరాదు. గర్భవతులు, అందు ముఖ్యముగా తొలి మూడునెలలవారు, దీనిని మానుట శ్రేయస్కరము. అయిదేండ్ల లోపు బిడ్డలను దింపరాదు. గుండెజబ్బు, రక్తపుపోటు గల పెద్దలు వైద్యుని యనుమతి పొందవలెను. అమెరికాలో 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అను నేడేండ్ల బాలిక ఇట్టి తొట్టి అడుగున నీటిని పీల్చు ద్వారమున కంటుకొని మరణించెను. 2007లో ఆమె పేరనే రక్షణశాసనము వెలసినది. మన ఆడపిల్లల జడలు పొడవైనవి. వానిని ముడిచి బిగించి కట్టనిదే దిగనీయరాదు. పీల్చుద్వారపు జల్లెడ పగిలియున్నచో ఆ తొట్టిని వాడనే వాడరాదు. వాడుక లేనప్పుడు మూత వేసి తాళము బిగింపవలెను. విద్యుత్తు లోపము కలిగిన వెంటనే దానంతటదే ఆగిపోవు మీట యున్నదో లేదో పనివానిచే చూపింపవలెను.

వానకాలమున వాడక విడిచిన తొట్టిలో చేరిన తేటనీరు డెంగీ దోమకు పురిటిల్లగును. 1897లో సికిందరాబాదున రోనాల్డ్ రాస్ దోమకడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న నాటినుండి నిలువనీటి నిర్లక్ష్యము ఎంత చేటో లోకమెఱుగును. వాడనిచో పూర్తిగా ఖాళీచేసి ఆరబెట్టవలెను.

చెఱువుకట్టకు సన్నని బెజ్జము పడిననాడే పూడ్చిన గండి పడదు. ఈ తొట్టి విషయమును అంతియే. దినమునకు నిమిషము పరీక్షకును, వారమునకు గడియ శుభ్రతకును కేటాయింపగలమనుకొన్న తొట్టి నుంచుకొనుడు; లేనిచో రాగికాగును, చెంబును చాలును. వాని వలన నెవ్వరికిని ఇట్టి చేటు రాలేదు.