అప్రెంటిస్ అన్నారు సరే.. కాంట్రాక్టు ఉందా?

'బీటెక్ చదివించింది దీనికా?' అప్రెంటిస్‌గా చేరతానంటే ఇంట్లో వినిపించే మొదటి మాట ఇదే. అప్పు చేసి ఫీజు కట్టిన నాన్న అలా అడగడంలో తప్పేం లేదు. 2019 నిబంధనల ప్రకారం డిగ్రీ, ఇంజినీరింగ్ వాళ్లకు కనీస స్టైపెండ్ 9 వేలు, డిప్లొమాకు 8 వేలు, ఐటీఐకి 7 వేలుగా ఉండేది. అమలాపురం నుంచి వచ్చి రాజమండ్రిలో గది తీసుకుంటే అద్దె, మెస్సు పోను ఇంటికి పంపడానికి ఏం మిగులుతుంది చెప్పండి? అందుకే ముందు ఇంటి నుంచి వెళ్లొచ్చే చోట్లు వెతకండి. రాజమండ్రి ఓఎన్జీసీ మార్కుల మెరిట్‌తో తీసుకుంటుంది. ఆర్టీసీ జిల్లాల వారీగా ఐటీఐ వాళ్లను పిలుస్తుంది.

డబ్బు కంటే ముందు చూడాల్సింది ఇంకోటుంది. చదువైన కొత్తలో నేనూ ఒక చిన్న కంపెనీలో 'ట్రైనీ'గా చేరా. ఎనిమిది నెలలు పన్జేశాక సర్టిఫికెట్ అడిగితే లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు రాసిచ్చారు. ఆ కాగితాన్ని ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి నాకు 1961 అప్రెంటిస్ చట్టం ఒకటుందనే తెలీదు!

ఆ చట్టం కింద చేరితే మీకూ కంపెనీకీ మధ్య కాంట్రాక్టు రాసుకోవాలి, అది ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు కావాలి. డిగ్రీ, డిప్లొమా వాళ్లకు న్యాట్స్, ఐటీఐ వాళ్లకు న్యాప్స్. న్యాట్స్‌లో కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. న్యాప్స్‌లో పావు వంతు, గరిష్ఠంగా 1,500. 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. కాబట్టి 'కాంట్రాక్టు నంబరెంత సార్?' అని అడగడానికి మొహమాటపడొద్దు. నీళ్లు నమిలితే అది శిక్షణ కాదు, చవక కూలీ.

ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం చట్టంలో లేదు. ఇది ఇంట్లో ముందే చెప్పేయండి. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసిన వాళ్లకైతే లెవెల్-1 ఖాళీల్లో 20 శాతం కేటాయిస్తారు, అదో ఊరట. ఇంకో చిక్కు.. ఒకసారి అప్రెంటిస్ చేసినవాళ్లు మళ్లీ అర్హులు కారని చాలా నోటిఫికేషన్లలో ఉంటుంది. తొందరపడి ఏదో ఒకదాంట్లో చేరి ఆ ఒక్క అవకాశాన్ని పోగొట్టుకోవద్దు.

ప్రభుత్వ వాటా నేరుగా మీ ఖాతాలోనే పడుతుంది. ఆధార్ లింకయిన ఖాతా మీ పేరు మీదే ఉండాలి, అమ్మ పాస్‌బుక్ పనికిరాదు. దరఖాస్తుకు ముందే బ్యాంకుకు వెళ్లి రండి.