ఇంకెప్పుడు చెప్తాడు?

పరీక్ష తప్పిన కుర్రాడు, అతను అద్దెకుండే ఇంటికి మేనేజరుగా వచ్చిన అమ్మాయి. ‘మెజోన్ ఇక్కోకు’ కథ ఏమిటని అడిగితే ఈ ఒక్క ముక్క చాలు. ఆ ముక్క చెప్పడానికి రుమికో తకాహాషి 1980 నుంచి 1987 దాకా తీసుకున్నారు. ‘బిగ్ కామిక్ స్పిరిట్స్’ పత్రికలో సీరియల్‌గా వచ్చి 15 సంపుటాలైన జపాన్ మాంగా ఇది. మొదటిసారి చదివేటప్పుడు ‘ఇంకెప్పుడు చెప్తాడు వీడు?’ అని విసుక్కుంటూ పేజీలు తిప్పేస్తాం. రెండోసారి చదివితే ఆ ఆలస్యమే అసలు కథని తెలుస్తుంది.

కథానాయకుడు గొదాయ్‌ని మెదక్‌లో ఎవరికీ ప్రత్యేకంగా పరిచయం చెయ్యక్కర్లేదు. సీటు రాక, లాంగ్‌టర్మ్ కోచింగ్‌కని బ్యాగు సర్దుకుని హైదరాబాద్ బస్సెక్కే పిల్లల్ని మనం ఏటా చూస్తూనే ఉన్నాం. ఇరుకు గది, ఇంటినుంచి వచ్చే లెక్క డబ్బులు, ఇంకో ఏడాది పోతుందేమోనన్న బెంగ, అన్నీ అవే. గొదాయ్‌కి అదనంగా పొరుగువాళ్లు కూడా దొరికారు. పక్కగది యోత్సుయా గోడకు కన్నం పెట్టి మరీ వచ్చేస్తాడు. ఇచినోసే ఆంటీ మందు సీసా పట్టుకుని వచ్చి, విసనకర్రలూపుతూ చిందులేస్తుంది. రేపు పరీక్షంటే ఈ రాత్రి విందు అతని గదిలోనే. ఇక లాభం లేదని ఖాళీ చేసి పోబోతున్న రోజునే కొత్త మేనేజరు క్యోకో గుమ్మంలోకి వస్తుంది. ఇంకెక్కడికి పోతాడు!

క్యోకో అతనికంటే రెండేళ్లు పెద్దది. అంతకంటే పెద్ద సంగతి, ఆమె భర్తను పోగొట్టుకుంది. బళ్లో పాఠం చెప్పిన సోయిచిరోని ప్రేమించి పెళ్లి చేసుకుంటే ఆర్నెల్లకే ఆయన పోయాడు. ఆయన తెచ్చిన కుక్కను ఆయన పేరుతోనే పిలుచుకుంటుంది. మొదటిసారి చదివినప్పుడు ఇది నవ్వు పుట్టించే చమత్కారం. మళ్లీ చదివేటప్పుడు, అన్నం పెట్టడానికీ షికారుకి తీసుకెళ్లడానికీ ఆమె రోజుకెన్నిసార్లు ఆ పేరు పలుకుతోందో గమనిస్తాం. సోయిచిరో ముఖాన్ని మాత్రం తకాహాషి ఎక్కడా చూపించరు, ఎప్పుడూ నీడే. క్యోకో గుండెల్లో ఉన్న మనిషితో ఎవరూ పోటీపడలేరు, అతను ఎలా ఉంటాడో గొదాయ్‌కీ తెలీదు, మనకీ తెలీదు.

ఆ ఇంటి యజమాని క్యోకో మామగారే. కోడలికి పనిచ్చి ఆసరాగా నిలిచినవాడే, నీకింకా చిన్న వయసమ్మా, కొత్త బతుకు మొదలుపెట్టమని నచ్చజెప్తాడు. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు పోరాటం లోకంతో. ఇక్కడ లోకం అడ్డుపడదు. క్యోకోని కన్నతల్లే మళ్లీ పెళ్లి చేసుకోమని వెంటపడుతుంది. సందేహమంతా ఆమె లోపలే ఉంది: ఇంకొకరిని ఇష్టపడితే, అప్పటి ప్రేమ అబద్ధమైపోదా? హాస్య కథలో ఇంత బరువైన ప్రశ్నను ఏడేళ్లు మోయడం మామూలు సంగతి కాదు.

అలాగని ఏడుపు కథ కాదు, కడుపుబ్బ నవ్విస్తుంది. పోటీకొచ్చిన మితాకా డబ్బున్నవాడు, అందగాడు, టెన్నిస్ కోచ్. కుక్కల్ని చూస్తే మాత్రం వణికిపోతాడు. గొదాయ్ ఒకరాత్రి తప్పతాగి వచ్చి, క్యోకోని ఎత్తుకుని ఆమె మీద ప్రేమను వీధంతా వినేలా అరిచి, గదిలోకి తీసుకెళ్లి గుర్రుపెట్టి నిద్రపోతాడు. యాగామి అనే స్కూలు పిల్ల అతని వెంటపడే అధ్యాయాలు మాత్రం నాకు సాగదీతగానే అనిపిస్తాయి.

ఆ ఏళ్లలోనే తకాహాషి మరో పత్రికకు ‘ఉరుసేయ్ యత్సురా’ కూడా గీశారు. అందులో పిల్లలు ఎన్నేళ్లయినా ఆ హైస్కూలు దాటరు. ఇక్కడ మాత్రం పాఠకుడితోపాటు గొదాయ్‌కీ వయసు పెరుగుతుంది. కాలేజీ అవుతుంది. ఉద్యోగమిచ్చిన కంపెనీ, చేరకముందే దివాళా తీస్తుంది. చిన్నపిల్లల్ని చూసుకునే పనిలో కుదురుకుని, అదే తన వృత్తని తెలుసుకుంటాడు. 2019లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్ కామిక్స్ ఉత్సవం తకాహాషికి గ్రాండ్‌ప్రీ ఇచ్చింది. నన్నడిగితే, ఈ ఒక్క కథకే ఇవ్వొచ్చు.

చివర్లో గొదాయ్ ఒంటరిగా సోయిచిరో సమాధి దగ్గరికి వెళ్తాడు. మిమ్మల్ని చూస్తే అసూయగా ఉందని దాపరికం లేకుండా చెప్తాడు. ఆమె మనసులో మీరు ఎప్పటికీ ఉంటారు, మీతో సహానే ఆమెను స్వీకరిస్తానంటాడు. ఆ మాట చాటునుంచి క్యోకో వింటుంది. మొదటి సంపుటంలోని గొదాయ్‌కి ఈ మాట నోరు తిరిగేది కాదు. అప్పుడే చెప్పేసి ఉంటే, పోయినాయన్ని మరిచిపొమ్మని అడిగి ఉండేవాడు.

విజ్ మీడియా ఇంగ్లిషు అనువాదం ఇప్పుడు 10 సంపుటాల కలెక్టర్స్ ఎడిషన్‌గా వచ్చింది. 96 భాగాల యానిమే చూసేశాం కదా అని పుస్తకాన్ని వదిలెయ్యొద్దు. ఇదివరకే చదివినవాళ్లు ఈసారి గొదాయ్‌ని కాసేపు పక్కనపెట్టి క్యోకో వెంట నడవండి.