ఇనుపపెట్టె చరిత్ర

1954వ సంవత్సరమున న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్ రేవునుండి జర్మనీలోని బ్రేమర్‌హావెన్ రేవునకు ‘వారియర్’ అను సరకుల ఓడ యొకటి పయనించెను. అందు మోయబడిన బస్తాలను, పీపాలను, అట్టపెట్టెలను, మోటారు బండ్లను పరిశోధకులు లెక్కించి చూడగా మొత్తము 1,94,582 శాల్తీలు తేలినవి; బరువు సుమారు 5,000 టన్నులు. అట్లాంటిక్ సముద్రమును దాటుటకు ఎన్ని దినములు పట్టెనో, ఆ సరకు నెక్కించి దింపుటకును దాదాపు అన్ని దినములే పట్టెను. మొత్తము వ్యయములో సముద్రయానమునకైనది ఎనిమిదవ వంతైనను లేకుండగా, ఎగుమతి దిగుమతుల కూలి మూడవ వంతును మించిపోయెను. దూరదేశముల వర్తకమునకు అడ్డుగా నిలిచినది సముద్రము కాదు, రేవుగట్టు.

ఈ సంగతిని క్రియారూపమున నిరూపించినవాడు ఓడల వ్యాపారి కాడు. ఉత్తర కరోలినా రాష్ట్రమున లారీలు నడిపి ధనికుడైన మాల్కమ్ మెక్లీన్. లారీలోని సరకును విప్పక, చక్రములను మాత్రము గట్టున విడిచి, పై పెట్టెను పెట్టెగనే ఓడపై నుంచినచో శ్రమయు, కాలమును, దొంగతనమును ఒక్కమాఱే తగ్గునని యెంచి, పాతబడిన చమురు ఓడ నొకదానిని కొని, దానికి ‘ఐడియల్ ఎక్స్’ అని పేరిడి, 1956 ఏప్రిల్ 26వ తేదీన నెవార్క్ నుండి హ్యూస్టన్‌కు 58 పెట్టెలతో పంపెను. విడిసరకు టన్ను నెక్కించుటకు ఆఱు డాలర్లకు దగ్గఱగా పట్టుచున్న ఆ కాలమున, ఈ పద్ధతిని టన్నుకు పదునాఱు సెంట్లతో పని ముగిసెను.

పెట్టె యనగా పలుచని ముడతల ఉక్కురేకుల గోడలు, కఱ్ఱబల్లల నేల, ఒకవైపున రెండు తలుపులు. ఇంతకుమించి లోపల నేమియు లేదు. దాని ప్రాణమంతయు ఎనిమిది మూలలయందు కలదు. ప్రతి మూలను పోతపోసిన ఉక్కు దిమ్మ యొకటి బిగింపబడి, అందు కోలగానున్న రంధ్రము తొలువబడి యుండును. క్రేను నుండి దిగిన చట్రము తన నాలుగు ఉక్కు మొనలను పై రంధ్రములలో దూర్చి, వానిని పావుచుట్టు త్రిప్పగానే, అవి తాళము పడినట్లు బిగిసికొని, ముప్పది టన్నుల బరువును గాలిలోనికి లేపును. ఒకదానిపై నొకటి పేర్చినపుడు బరువును మోయునవి మూలస్తంభములే గాని గోడలు కావు. కీత్ టాంట్లింగర్ అను ఇంజనీరు రూపొందించిన యీ మూలదిమ్మ, బిగింపుమొనలే లేకున్నచో, మెక్లీన్ ఆలోచన ఒక సంస్థ సొంత సదుపాయముగ మిగిలియుండెడిది.

ఏలయన, ఆ దినములలో ఒక సంస్థ పెట్టె 35 అడుగులు, వేఱొకదానిది 24 అడుగులు. ఒకరి క్రేను మఱియొకరి పెట్టె నెత్తజాలకుండెను. 1963లో మెక్లీన్ తన సంస్థకు చెందిన ఆ బిగింపు పేటెంటు హక్కులను ఉచితముగ విడిచిపెట్టెను. అటుపై అంతర్జాతీయ ప్రమాణసంస్థ ఎన్నో ఏండ్లు చర్చించి, 20, 40 అడుగుల కొలతలను ప్రమాణములలో చేర్చి, మూలదిమ్మ రూపమును నిర్ణయింపగా, ఏ దేశపు పెట్టెయైనను ఏ దేశపు ఓడకైనను, రైలుకైనను, లారీకైనను సరిపడుట సాధ్యమయ్యెను. 1973లో, భారతదేశమునకు వచ్చిన తొలి పెట్టెల ఓడ (కంటైనరు ఓడ) కొచ్చి రేవున నిలిచెను. నేడు ఆంధ్ర తీరపు చెఱువులలో పెరిగిన రొయ్యలు, శీతలయంత్రము అమర్చిన పెట్టెలలో సున్నకు దిగువ పదునెనిమిది డిగ్రీల చలిని, విశాఖ రేవునుండి అమెరికా దుకాణముల వఱకు గడ్డకట్టిన స్థితి చెడకయే చేరుచున్నవి.

ఈ లాభమునకు మూల్యము చెల్లించినవారును కలరు. భుజములపై బస్తాలు మోసిన కళాసీల కుటుంబములు వేలకొలది జీవనోపాధిని కోల్పోయినవి. లండను నగరపు పురాతన రేవులు 1967 మొదలు వరుసగా మూతపడినవి. ఉద్యోగము పోయినవారికి పరిహార మిచ్చిన రేవులును కలవు, ఈయని రేవులును కలవు. పెట్టె గొప్పతనమును గణించువారు ఈ పద్దును విస్మరింపరాదు. అయినను, ఈ యంత్రచరిత్రమున శాస్త్రజ్ఞులు గ్రహింపవలసిన ధర్మ మొకటి కలదు: పెట్టెను కల్పించుట ఒక వ్యక్తికి సాధ్యమైనది, దానిని లోకోపయోగకరము గావించినది మాత్రము అందఱును ఒకే కొలతకు అంగీకరించుటయే.