పాత ఫ్లాపీలు - అత్తగారి పాటలు



పాతవస్తువులను భద్రపఱచుటలో మన స్త్రీలకు గల నేర్పు వేఱుగ చెప్పవలసినది కాదు. అమ్మమ్మ కట్టిన పట్టుచీరను ఏటికొకసారి నీడపట్టున గాలి తగిలించి, మడత మార్చి దాచుదుము. ఊరగాయ జాడీకి తడిచేయి తగులనీయము. కాని కంప్యూటరులో దాచిన దానికి సైతము ఇట్టి సంరక్షణ కావలయునని మనలో ననేకులకు తోచదు. ఫైలున్నది గదా, భయమేల యని యూరకుందుము. ఆ ఫైలును చదువగల ప్రోగ్రాము లేనినాడు అది తాళపుచెవి పోయిన భోషాణము వంటిదే. ఈ సంగతిని నేను మా యింటనే తెలిసికొంటిని.

మా మామగారు తెలుగు పండితులుగ పనిచేసి, ఉద్యోగవిరమణానంతరము 1999వ సంవత్సరమున నొక కంప్యూటరు కొనిరి. మా అత్తగారికి పెండ్లిపాటలు, లాలిపాటలు, మంగళహారతులు విస్తారముగ వచ్చును. సాయంకాలమున ఆమె చేటలో బియ్య మేఱుచు పాడుచుండగా, ఆయన యెదుట కూర్చుండి రెండు వ్రేళ్లతో టైపు చేసెడివారు. నాలుగేండ్లలో 140 పాటలు చేరినవి. 2009లో మామగారు కాలధర్మము నొందిరి. కంప్యూటరుపై నొక దుప్పటి కప్పి మేము దాని మాటయే మఱచితిమి.

కడచిన మాఘమాసమున మా ఆడుబిడ్డ కుమార్తె వివాహమునకై అత్తగారు అప్పగింతలపాట నెత్తుకొని, మూడవ చరణమున నాగిపోయిరి. ఆమెకిప్పుడు 81 ఏండ్లు. "ఆయన వ్రాసి పెట్టినారు గదమ్మా, తీసి చూడు" అనిరి. చూతమన్న నా పెట్టె వెలుగనే లేదు.

మా వారు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. ఆయన పెట్టె విప్పి, హార్డుడిస్కును వెలికి తీసి, తగిన కేబులుతో మా క్రొత్త కంప్యూటరునకు తగిలించిరి. ఫైళ్లన్నియు క్షేమముగ నుండెను. కాని యొకదానిని తెఱచి చూడగా తెలుగక్షరము మచ్చునకైనను లేదు. ఇంగ్లీషక్షరములును వింత గుర్తులును చిందఱవందఱగ కనబడెను. అత్తగారు ఒక్కక్షణము చూచి, మాటాడక లోనికి పోయిరి.

కారణ మిది. కంప్యూటరునకు అక్షరము తెలియదు, సంఖ్యయే తెలియును. ఆ కాలపు తెలుగు ప్రోగ్రాములలో పెక్కు, ఇంగ్లీషు గుర్తులకు చెందిన సంఖ్యల స్థానముననే తలకట్టు, కొమ్ము, ఒత్తు మొదలగు తెలుగు రూపములను అమర్చుకొన్నవి. ఎవరి యమరిక వారిదే. ఆ ఫాంటు లేనిచో ఆ వ్రాత యర్థము కాదు. 1991లో వెలువడిన యూనికోడులో తెలుగక్షరములకు ప్రత్యేక సంఖ్యలు కలవు. అందు 'అ'కు 3077, 'క'కు 3093. ఈ లెక్క యంతట నొక్కటే యగుటచే నేడు సెల్‌ఫోనులో మనము వ్రాసిన తెలుగు ఏ దేశముననైనను తెలుగుగనే కనబడుచున్నది. మామగారి ప్రోగ్రాము ఆ లెక్క నెఱుగదు. కావున దానినే మరల నడిపింపవలసివచ్చెను.

ఆ ప్రోగ్రాము మూడు ఫ్లాపీలలో నుండెను. నేటి కంప్యూటరులకు ఫ్లాపీ పెట్టు చోటే లేదు గనుక, వెలుపల తగిలించు డ్రైవు నొకదానిని తెప్పించితిమి. మొదటిదియు మూడవదియు చదువబడెను. రెండవది గరగర శబ్దము చేసి నిలిచిపోయెను. తేమచేతను బూజుచేతను లోపలి పూత చెడినచో ఇట్లే యగును. రెండు దినములు నిరాశతో గడచినవి. మూడవనాడు బీరువా సర్దుచుండగా, పాత పంచాంగముల క్రింద నొక కవరు నాకు దొరకెను. దానిపై మామగారి ముత్యములవంటి వ్రాతతో "రెండవ ప్రతి" యని యుండెను. ముందుచూపు గల గృహస్థు చేసిన పని యెన్నటికైనను అక్కఱకు వచ్చును గదా!

అంతటితో చిక్కు తీరలేదు. ఈ ప్రోగ్రాము మీ కంప్యూటరులో నడువదని విండోస్ నిరాకరించెను. అది 16 బిట్ల ప్రోగ్రాము. నేటి 64 బిట్ల విండోస్‌లో అట్టివానిని నడుపు భాగమే లేదు. కొన్ని 32 బిట్ల పాత ప్రోగ్రాములకు 'కంపాటిబిలిటీ' యను ఏర్పాటు తోడ్పడును గాని, దీనికది పనికిరాదు. ఇట్టి సందర్భమున వర్చువల్ మెషీను ఉపాయము. అనగా క్రొత్త కంప్యూటరులోపలనే పాత కంప్యూటరువలె వర్తించు నొక కల్పిత యంత్రమును నెలకొల్పుట. వర్చువల్ బాక్స్ అను ఉచిత ప్రోగ్రాముతో మా వారు అట్లు చేసి, అందు మామగారి సీడీనుండి 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీని ఎక్కించిరి. సంస్థవద్ద నమోదు చేయకున్నను అది 30 దినములు పనిచేయును. దానికి 2014 ఏప్రిలు నుండి రక్షణ సవరణలు నిలిచిపోయినవి గనుక ఇంటర్నెట్టు తగులనీయలేదు.

ఆ రాత్రి తెరపై మొదటి పాట తెలుగున కనబడెను. అత్తగారిని పిలిచితిని. ఆమె కన్నద్దములు సరిచేసికొని, పెదవులు కదపుచు చదివి, "ఇక్కడ ఆయన తప్పు విన్నారు, నేను పాడినది ఇది కాదు" అని యొక పదమును చూపి నవ్విరి. నవ్వుచునే కన్నులు తుడుచుకొనిరి. ఆడుబిడ్డ కుమార్తె పెండ్లికి ఆ మూడవ చరణము అందలేదు. కాని యిప్పుడు దొరకినది.

గడువులోపల పాటలన్నిటిని కాగితముపై అచ్చు తీసితిమి. మార్పిడి చేయు ప్రోగ్రాము నొకదానిని పరీక్షింపగా ఒత్తులు తారుమారైనవి. అందుచే దినమునకు నాలుగు పాటల చొప్పున నేనే యూనికోడులో తిరిగి వ్రాసితిని. ప్రతి పాటను అత్తగారు విని దిద్దిరి.

ఇట్టి పనికి పూనుకొను సోదరీమణులకు నేను విన్నవించునది కొంచెమే. ఏ ప్రయత్నమునకైనను ముందు ఫైళ్లకు ప్రతి తీసి, ఆ ప్రతిపైననే పనిచేయుడు. ప్రోగ్రాము ఫ్లాపీలను, సీడీలను, వాని యట్టపై నున్న సంఖ్యలను పాఱవేయకుడు. డాస్ కాలపు ప్రోగ్రాములైనచో 2002లో వెలువడిన డాస్‌బాక్స్ అను ఉచిత సాధనమున నడిపి చూడుడు. పాత విండోస్‌వానికి వర్చువల్ మెషీనును ఆశ్రయింపుడు. నడిచినంతమాత్రమున తృప్తి నొందక, వ్రాతను యూనికోడులోనికి మార్చి, ఒక ప్రతిని కాగితముపై నుంచుడు.

తాళపత్రములు పురుగు తినకమునుపే మన పెద్దలు వానికి ప్రతులు వ్రాసికొనెడివారు. 19వ శతాబ్దమున బ్రౌను దొరగారు కడపలో పండితులను నియమించి శుద్ధప్రతులు వ్రాయించిరి. ఈ కాలపు పత్రములకును అదే వలయును.

మీ యింటను దుప్పటి కప్పిన పెట్టె యుండవచ్చును. అందున్నది చదివి, ఇది సరి, ఇది తప్పు అని చెప్పగల పెద్దవా రింటనుండగనే దానిని తెఱచి చూడుడని నా ప్రార్థన.