ఎక్స్ఛేంజ్ సెమిస్టర్: ఫొటోల్లో కనపడనివి

ఎక్స్ఛేంజ్‌కి వెళ్ళొచ్చిన సీనియర్‌ని ఎవర్నైనా "అక్కడెలా ఉంది?" అని అడిగి చూడండి. మొదట మంచు గురించి చెప్తారు. తర్వాత రైళ్ళు, ఆ తర్వాత వంట కష్టాలు. క్లాసుల సంగతి అడిగితే మాత్రం "బానే ఉంటాయి, కాకపోతే కొంచెం వేరేగా" అని దాటేస్తారు. అసలు కథంతా ఆ "కొంచెం వేరేగా"లోనే ఉంది. ఆర్నెల్ల పాటు మన చదువుని కొలిచే కొలతే మారిపోతుంది. అది తెలియకుండా విమానం ఎక్కినవాళ్ళు అక్కడ ఇబ్బంది పడతారు, తిరిగొచ్చాక అంతకన్నా ఎక్కువ పడతారు.

ఇక్కడ జర్మనీ సంగతి ఒక్కటే రాస్తున్నాను. అక్కడి యూనివర్సిటీల పద్ధతులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒక ఊరికి చెప్పింది ఇంకో ఊరికీ చాలావరకు పనికొస్తుంది. వెళ్ళొచ్చిన సీనియర్లని కూర్చోబెట్టి అడిగిన విషయాలు కూడా కలిపాను. పేర్లు వద్దన్నారు, రాయడం లేదు.

ముందు ఒక చిక్కు విడదీయాలి. విదేశంలో కొన్నాళ్ళు గడిపే ప్రతిదాన్నీ మనం ఎక్స్ఛేంజ్ అనేస్తాం. డాడ్ అని మనందరం పిలిచే జర్మన్ అకడమిక్ ఎక్స్ఛేంజ్ సర్వీస్ ఇచ్చే వైజ్ స్కాలర్‌షిప్ ఉందే, అది వేసవిలో రెండు మూడు నెలలు అక్కడి ల్యాబులో చేసే రీసెర్చ్ ఇంటర్న్‌షిప్. ఎరాస్మస్ ముండస్ అంటే పూర్తి మాస్టర్స్ డిగ్రీ. ఈ రెండూ మంచివే గానీ ఎక్స్ఛేంజ్ కావు. ఎక్స్ఛేంజ్‌లో మీరు ఈ కాలేజీ విద్యార్థిగానే ఉంటారు, ఫీజు ఇక్కడే కడతారు, ఒకటో రెండో సెమిస్టర్లు అక్కడ చదువుతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు, అక్కడ సంపాదించిన క్రెడిట్లు ఇక్కడి డిగ్రీలో కలుస్తాయి. ఈ చివరి ముక్క లేకపోతే అది టూరు. పది రోజులు తిప్పి, ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి లక్షలు తీసుకునేవి కూడా "గ్లోబల్" అన్న పేరుతో తిరుగుతున్నాయి, చూసుకోండి. కాలేజీ వెబ్‌సైట్లో ఎంఓయూ మీద సంతకాలు పెడుతున్న ఫొటో ఉన్నంత మాత్రాన ఎక్స్ఛేంజ్ ఉన్నట్టు కాదు. ఫీజు మాఫీ, క్రెడిట్ల బదిలీ అనే రెండు మాటలు ఆ ఒప్పందంలో ఉన్నాయా అని అడగాలి.

ఈ క్రెడిట్ల బదిలీ అనే ఆలోచన మరీ పాతదేం కాదు. యూరప్‌లో ఎరాస్మస్ పథకం 1987లో మొదలైంది. పిల్లలు దేశాలు దాటి చదువుతున్నారు సరే, ఒక దేశంలో చదివింది ఇంకో దేశంలో ఎంతకి లెక్క అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. 1989లో ఈసీటీఎస్ అనే క్రెడిట్ పద్ధతి తెచ్చారు. సంవత్సరానికి 60, సెమిస్టర్‌కి 30. మనకేమో ఇప్పటి బీటెక్ మొత్తం 160, అంటే సెమిస్టర్‌కి సగటున 20. కాబట్టి మన రెండు క్రెడిట్లు వాళ్ళ మూడింటికి సమానం అని చాలామంది లెక్కేస్తారు. అంకెల వరకు సరిపోతుంది గానీ, ఆ అంకెలు కొలిచేది వేర్వేరు వస్తువుల్ని. మన దగ్గర వారానికి ఒక గంట లెక్చర్ ఉంటే ఒక క్రెడిట్. అంటే మాస్టారు చెప్పిన గంటలు లెక్క. ఈసీటీఎస్‌లో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టాల్సిన 25 నుంచి 30 గంటల పని. క్లాసు, లైబ్రరీ, లెక్కలు చేసుకోవడం, పరీక్షకి చదవడం అన్నీ అందులోనే. 6 క్రెడిట్ల సబ్జెక్టుకి క్లాసు వారానికి నాలుగు గంటలే ఉండొచ్చు, మిగతా వంద గంటల పైచిలుకు మీ నెత్తి మీదే.

మొదటి నెలలో మనవాళ్ళు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. టైమ్‌టేబుల్ చూస్తే ఖాళీగా కనిపిస్తుంది. చాలా లెక్చర్లకి అటెండెన్స్ తీసుకోరు. 75 శాతం భయం లేదు, మిడ్‌లు లేవు, అసైన్‌మెంట్ కోసం రికార్డు రాయడం లేదు. పది గంటల క్లాసు పక్కన "సీ.టీ." అని రాసుంటే అది పదింబావుకి మొదలవుతుందని అర్థం. క్లాసు అయిపోగానే అందరూ చప్పట్లకి బదులు బల్ల మీద పిడికిలితో టకటకా కొడతారు. ఇవన్నీ సరదాగానే ఉంటాయి. వారం వారం ఎక్సర్‌సైజ్ షీట్ ఒకటి ఇస్తారు, అది చేసి ట్యుటోరియల్‌కి వెళ్తే పై ఏడాది విద్యార్థి ఎవరో చర్చిస్తారు. చేయకపోతే? చాలా సబ్జెక్టుల్లో ఏమీ అవ్వదు. ఎవరూ అడగరు. ఒక సీనియర్ అన్న మాట: "ఇక్కడ మనల్ని తరుముతూ చదివిస్తార్రా. అక్కడ తరిమేవాడు లేడని డిసెంబర్‌లో గానీ తెలియలేదు."

డిసెంబర్ అని ఎందుకన్నాడంటే, వాళ్ళ శీతాకాలం సెమిస్టర్ అక్టోబర్ 1న మొదలై మార్చి 31 వరకు. క్లాసులు అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా, పరీక్షలు ఆ తర్వాత. మార్కులన్నీ చాలావరకు ఆ ఒక్క పరీక్ష మీదే. ఇంకో సంగతి: సబ్జెక్టులో చేరినంత మాత్రాన పరీక్షకి చేరినట్టు కాదు. పరీక్షకి పోర్టల్‌లో విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, దానికొక గడువు ఉంటుంది. గడువు దాటితే నాలుగు నెలలు ముందు బెంచీలో కూర్చున్నా హాల్లోకి రానివ్వరు. క్యాలెండర్లో రాసి పెట్టుకోవాల్సిన తేదీల్లో ఇది మొదటిది.

భాష సంగతీ ఇక్కడే చెప్పాలి. ఇంజనీరింగ్‌లో ఇంగ్లీషు కోర్సులు ఎక్కువగా మాస్టర్స్‌లోనే ఉంటాయి, బ్యాచిలర్స్ క్లాసులు చాలావరకు జర్మన్‌లో నడుస్తాయి. అంచేత థర్డ్ ఇయర్‌లో వెళ్ళిన మనవాడు తెలియకుండానే మాస్టర్స్ విద్యార్థుల మధ్య కూర్చుంటాడు. "ఇది మీరు ముందే చదివారు కదా" అని ప్రొఫెసర్ వదిలేసేది మన సిలబస్‌లో ఇంకా రాలేదు. ఆ ఖాళీ పూడ్చుకోవడం కష్టమే, కానీ సాధ్యమే. ప్రొఫెసర్ల గది ముందు వారానికి ఒక గంట విద్యార్థుల కోసం అని రాసుంటుంది. మనవాళ్ళు మొహమాటపడి వెళ్ళరు. వెళ్ళాలి, ఆ గంట ఉన్నది అందుకే.

చిన్న క్లాసులైతే పరీక్ష నోటితోనే జరగొచ్చు. ఇరవై, ముప్పై నిమిషాలు. ఎదురుగా ప్రొఫెసర్, పక్కన నోట్సు రాసుకునే ఇంకొకరు, బల్ల మీద తెల్లకాగితం, పెన్ను. మన వైవాలాంటిదే అనుకుని వెళ్ళిన ఒక సీనియర్ కథ చెప్తాను, వినదగ్గది. సబ్జెక్టు కంట్రోల్ సిస్టమ్స్. మనోడికి రౌత్ టేబుల్ కొట్టినపిండి. ప్రొఫెసర్ ఒక ఈక్వేషన్ ఇస్తే టేబుల్ వేసి, మొదటి కాలమ్‌లో గుర్తులు చూసి, సిస్టమ్ స్టేబుల్ అని రెండు నిమిషాల్లో తేల్చేశాడు. ఆయన తలూపి, "ఇప్పుడు ఈ లూపులో కొంచెం టైమ్ డిలే పెడదాం. నీ టేబుల్ పనిచేస్తుందా?" అన్నాడట. తెలియదన్నాడు. మన వైవాలో "తెలియదు" అంటే తర్వాతి ప్రశ్న, లేదా తర్వాతి రోల్ నంబర్. ఆయన మాత్రం "సరే, క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్ అయితే రాయగలవుగా, రాయి" అన్నాడు. రాశాడు. అందులో డిలే వల్ల ఒక ఎక్స్‌పొనెన్షియల్ పదం వచ్చి కూర్చుంది. "ఇది పాలినామియలేనా?" కాదు. "మరి నీ టేబుల్‌కి గుణకాలు ఎక్కడ్నుంచి తెస్తావు?" అప్పుడు వెలిగింది. రౌత్ పద్ధతి పాలినామియల్‌కే కదా, ఇక్కడ నేరుగా చెల్లదు, నైక్విస్ట్ ప్లాట్‌కి పోవాలి అన్నాడు. పదిహేను నిమిషాలు ఈ ఒక్క దాని మీదే గడిచాయి. గ్రేడ్ 2.0 వచ్చింది. "సెమిస్టరంతా చదివిందాంట్లో మర్చిపోనిది ఆ పదిహేను నిమిషాలే" అంటాడు. మన దగ్గర అలా అడిగే సార్లు లేరని కాదు, అరవై మందికి ఒక పూటలో వైవా పెట్టాల్సినప్పుడు ఏ సారూ అలా అడగలేరు.

2.0 అంటే కంగారు పడకండి. వాళ్ళ స్కేలు తలకిందులు. 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0తో గట్టెక్కుతారు, 5.0 ఫెయిల్. దీన్ని మన పది పాయింట్లలోకి మార్చడానికి బవేరియన్ ఫార్ములా అని ఒకటి వాడతారు. గరిష్ఠం, పాస్ మార్కు రెండూ తీసుకుని మధ్యలో సరళరేఖ గీయడమే. మన గరిష్ఠం 10, పాస్ 5 అనుకుంటే వాళ్ళ 2.0 మన 8.33 అవుతుంది. పాస్ 4 అని పెట్టిన యూనివర్సిటీలో అదే 2.0కి 8 వస్తుంది. అదే పరీక్ష, అదే జవాబు, పాస్ మార్కు వేరు కాబట్టి పాయింట్లు వేరు. పైగా అక్కడ 1.0 రావడం మనకి 10 వచ్చినంత తేలిక కాదన్న సంగతి ఆ సరళరేఖకి తెలియదు. నా మటుకు నాకు, ఎక్స్ఛేంజ్ గ్రేడ్లని సీజీపీఏలో కలపకుండా "పాస్" అని మాత్రం రాసుకునే కాలేజీల పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. అలాగైతే పిల్లలు తేలిక సబ్జెక్టుల వెంట పడకుండా నచ్చింది తీసుకుంటారు. మన దగ్గర ఏ పద్ధతో వెళ్ళేముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇక డబ్బు. ట్యూషన్ ఫీజు లేదు కదా అని ఇంట్లో చెప్పేముందు ఇది చదవండి. స్కాలర్‌షిప్ లేకుండా వెళ్ళేవాళ్ళు సాధారణంగా వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో నెలకి 992 యూరోల చొప్పున ముందే వేసి చూపించాలి. ఆరు నెలలకి 5,952 యూరోలు. యూరో 90 రూపాయలే అనుకున్నా ఐదు లక్షల ముప్పై అయిదు వేలు దాటుతుంది. ఆ డబ్బు మీదే, అక్కడికెళ్ళాక నెలనెలా చేతికొస్తుంది, కానీ ముందు ఒక్కసారిగా కావాలి. మనలో చాలామంది ఇళ్ళలో అంత మొత్తం అంటే చీటీ పాడటమో, అమ్మ గాజులు బ్యాంకులో పెట్టడమో. ఎరాస్మస్ ప్లస్ కింద రెండు కాలేజీల మధ్య ఒప్పందం ఉంటే నెలకి 800 నుంచి 900 యూరోల వరకు స్టైపెండ్ ఇస్తారు, ప్రయాణానికి కొంత విడిగా ఇస్తారు. సీట్లు తక్కువ. నిజం చెప్పాలంటే, ఈ స్టైపెండ్ లేని ఎక్స్ఛేంజ్ ఇంట్లో ఆ మాత్రం వెసులుబాటు ఉన్నవాళ్ళకే అందుతోంది. మన నోటీస్ బోర్డులో ఈ ముక్క ఎప్పుడూ కనపడదు.

బతుకు సంగతులు క్లుప్తంగా. గదిలో చేరిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసుకెళ్ళి చిరునామా నమోదు చేసుకోవాలి. ఆదివారం షాపులుండవు, శనివారమే సరుకులు తెచ్చుకోండి. రాత్రి పది తర్వాత మిక్సీ వేస్తే పక్క గదివాళ్ళు తలుపు కొడతారు. ఖాళీ ప్లాస్టిక్ సీసా పారేయకండి, వెనక్కిస్తే 25 సెంట్లు. కామన్ కిచెన్‌లో ఎండుమిరపకాయల పోపు పెట్టేముందు కిటికీ తెరవండి. పోపు ఘాటుకి స్మోక్ అలారం మోగి, కారిడార్ మొత్తం చలిలో బయట నిలబడ్డ కథ ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటుంది.

అన్నిటికన్నా పెద్ద ముడి క్యాలెండర్‌ది. అక్టోబర్ నుంచి మార్చి అంటే మన బేసి సెమిస్టర్ చివరా, సరి సెమిస్టర్ మొదలూ రెండూ పోతాయి. ఏప్రిల్‌లో మొదలయ్యే వాళ్ళ వేసవి సెమిస్టరూ అంతే, అది జులై చివరికో ఆగస్టుకో గానీ వదలదు. ఆ సమయానికి ఇక్కడ ప్లేస్‌మెంట్స్ మొదలైపోతాయి. చలికాలంలో వాళ్ళు మనకన్నా నాలుగున్నర గంటలు వెనక, కాబట్టి ఇక్కడ తొమ్మిదింటికి పెట్టే ఆన్‌లైన్ టెస్ట్ అక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకి. రాసినవాళ్ళున్నారు, ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. క్లాసుల కోసం వెళ్ళాలనుకుంటే థర్డ్ ఇయర్ మంచిది. ల్యాబ్ అనుభవం చాలనుకుంటే ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టు అక్కడ చేయడం నయం, ఇన్ని ముళ్ళు ఉండవు.

వేరే కాలేజీలో ఈసీఈ చదివిన ఒకమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. వెళ్ళేముందు లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒకటి రాస్తారు. అక్కడ ఏ సబ్జెక్టు చదివితే ఇక్కడ ఏ సబ్జెక్టుకి బదులో అందులో ఉంటుంది. విద్యార్థి, ఈ కాలేజీ, ఆ యూనివర్సిటీ ముగ్గురూ సంతకం చేస్తారు. ఆ అమ్మాయి రాసుకున్న డిజిటల్ కమ్యూనికేషన్ కోర్సు టైమ్ ఇంకోదానితో ఢీకొంది. దాని బదులు ఇంకొకటి తీసుకుంది, మంచి గ్రేడే తెచ్చుకుంది. కానీ ఆ మార్పు కాగితం మీదికి ఎక్కలేదు. తిరిగొచ్చాక సిలబస్ కలవదన్నారు. సెవెంత్ సెమ్‌లో, ప్లేస్‌మెంట్స్ మధ్యలో, ఆ సబ్జెక్టు బ్యాక్‌లాగ్‌గా చూపించింది. బ్యాక్‌లాగ్ ఉంటే కొన్ని కంపెనీలు అప్లికేషనే తీసుకోవు. సప్లీ రాసి గట్టెక్కింది గానీ అప్పటికి మొదటి విడత కంపెనీలు వెళ్ళిపోయాయి.

ఎరాస్మస్ వాళ్ళ అగ్రిమెంట్‌లో వెళ్ళాక జరిగే మార్పుల కోసం విడిగా ఒక పేజీ ఉంటుంది. సబ్జెక్టు మారిన వారంలోనే అది నింపి, ఇక్కడి హెచ్‌ఓడీకి మెయిల్ చేసి, సంతకంతో వెనక్కి తెప్పించుకోవాలి. మెయిల్‌కి ఆ కోర్సు తాలూకు మాడ్యూల్ హ్యాండ్‌బుక్ పేజీ జతచేయండి. సిలబస్, క్రెడిట్లు, పరీక్ష విధానం అన్నీ అందులో ఉంటాయి, హెచ్‌ఓడీ వెతుక్కోనక్కర్లేదు. మార్కుల జాబితా మీరు ఇంటికొచ్చేశాక గానీ తయారవ్వదు. అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసులో బయల్దేరేముందే ఇక్కడి చిరునామా ఇచ్చి, అది నేరుగా మన కాలేజీకి కూడా పంపమని చెప్పి రండి.