కూసో నాయినా అనకు బిడ్డా!

జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా కొడుకులకు నాలుగు రాళ్లు చేతికి రాగానే ఇంట్లో పెద్దలకు వినబడే మాట ఒకటే: “ఇగ నువ్వేం జేయకు, కూసో నాయినా.” ప్రేమతో అనే మాటే. కానీ బిడ్డా, నీళ్ల బిందె, చీపురు, బర్రె పలుపు అన్నీ చేతిలోంచి గుంజుకుని టీవీ ముందు కూర్చోబెడితే, పెద్దమనిషికి విశ్రాంతి కన్నా ముందు నీరసం వస్తుంది. ఎంత తొందరగా వస్తుందో చెప్తా విను.

ఆరోగ్యంగా ఉన్న పన్నెండుమంది పెద్దవాళ్లను అమెరికాలో పది రోజులపాటు మంచం మీదనే ఉంచి చూశారు. వాళ్ల సగటు వయసు 67. ఆ కొద్ది రోజుల్లోనే కాళ్లలో కండ దాదాపు కిలో కరిగిపోయిందని 2007లో ప్రకటించారు. జ్వరంతో వారం పడుకున్న అవ్వ, జ్వరం తగ్గినా గోడ పట్టుకుని నడిచేది ఇందుకే.

వయసుతో కండ తగ్గడం మామూలే. అయితే అందులో ముందుగా తగ్గేవి చురుగ్గా కదిలించే పోగులు. రాయి తగిలి తూలినప్పుడు చటుక్కున కాలు ముందుకేసి మనల్ని నిలబెట్టేవి అవే. అవి సన్నబడితే తూలినవాడు పడతాడు, పడితే తుంటి ఎముక విరుగుతుంది, విరిగితే మళ్లీ మంచమే. పైగా తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరాలే. అవి పని మానితే షుగర్ రక్తంలోనే నిలుస్తుంది.

మరి పోయిన బలం తిరిగొస్తుందా? తోడే బావిలోనే నీళ్లు ఊరినట్టు, వాడే కండకే బలమొస్తుంది, తొంభై ఏళ్ల వయసులోనైనా. బోస్టన్‌లో వృద్ధుల కేంద్రంలో ఉంటున్న, తొంభైకి అటూ ఇటూ వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. వాళ్ల తొడ బలం సగటున రెండున్నర రెట్లు దాటిందని 1990లో వెల్లడైంది.

మరి కదిలే మనిషి ఎక్కువ కాలం బతుకుతాడా? మహబూబాబాద్‌కు పొరుగున ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి ఉంది కదా, అది వనజీవి రామయ్య ఊరు. సైకిల్ మీద మొక్కలు, విత్తనాలు వేసుకుని తిరుగుతూ కోటికి పైగా చెట్లు నాటిన మనిషి. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కన్నుమూసేనాటికి ఆయనకు ఎనభై ఏడేళ్లు. సైకిల్ తొక్కడం వల్లనే అన్నేళ్లు బతికాడా అని అడిగితే అవునని నేను చెప్పలేను. ఒక్క మనిషి బతుకు శాస్త్రానికి రుజువు కాదు. వేలమందిని పోల్చి చూడాలి.

అలా చూసినవాడు జెర్రీ మోరిస్ అనే డాక్టరు. అప్పట్లో లండన్‌లో రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చునేవాడు, కండక్టరు టికెట్ల కోసం మెట్లు ఎక్కి దిగేవాడు. డ్రైవర్లతో పోలిస్తే కండక్టర్లకు గుండెపోట్లు బాగా తక్కువని 1953లో మోరిస్ తేల్చాడు. లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమోనని ఆయనకే అనుమానం వచ్చి, వాళ్ల యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు కూడా తీయించాడు. డ్రైవర్ల నడుము పెద్దదే. అయినా సన్నవాళ్లను సన్నవాళ్లతో, లావువాళ్లను లావువాళ్లతో పోల్చినా కండక్టర్లే మేలుగా ఉన్నారు. ఆ మోరిస్ కూడా నూరేళ్లకు కొంచెం తక్కువగా బతికి 2009లో పోయాడు.

ఇక “రోజుకు పదివేల అడుగులు” అనే లెక్క చూసి భయపడకు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మడానికి పుట్టించిన ప్రచారం అది. సగటున 72 ఏళ్లున్న పదహారు వేలకు పైగా అమెరికా స్త్రీలను పరిశీలించి 2019లో ప్రకటించిన లెక్క వేరు. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు.

ఒక మాట మరువకు. మిరప తోటలో పొద్దంతా వంగి కాయ ఏరే అవ్వకు, ఎండలో తునికాకు కోసే తాతకు ఈ కబురు వర్తించదు. పొట్టకోసం ఆగకుండా చేసే బరువు పని వ్యాయామం కిందికి రాదు. వాళ్లకు కావాల్సింది నీడ, విరామం, కంచంలో ఇంత పప్పు, ఒక గుడ్డు. నేను చెప్పేది పొలం కౌలుకిచ్చి అరుగెక్కిన రైతుకు, సింగరేణిలో రిటైరై కుర్చీకి అతుక్కుపోయిన కార్మికునికి.

అరవై ఐదు దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుగ్గా కదలాలని, వారానికి మూడు రోజులైనా బలం, నిలకడ పెంచే పనులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే రోజుకు ఇరవై నిమిషాల పైచిలుకు. పొద్దు ఎక్కకముందే చెరువు కట్ట దాకా నడువు. చేతులు ఎదమీద కట్టుకుని కుర్చీలోంచి పదిసార్లు లే, కూసో. దర్వాజా పట్టుకుని ఒంటికాలి మీద కాసేపు నిలబడు. బతుకమ్మ ఆటలో వంగుతూ లేస్తూ, పక్కకు అడుగులేస్తూ తిరిగే ఆడవాళ్లకు నిలకడ సాధన ఆటలోనే ఉంది. ఎదలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించుకో.

కొడుకులూ కోడళ్లూ, మీకు చెప్పేది ఇదే: పెద్దల చేతిలో పని అంతా గుంజుకోకండి. బరువు పని మీరు చేయండి, తేలిక పని వాళ్లకు వదిలేయండి. సాయంత్రం “కూసో నాయినా” అనడం మాని, “పా నాయినా, అట్లా నడిచొద్దాం” అనండి.